చిల్లుకాణీ

మామూలుగా అయితే
ముందు ఇంజను వెచ్చబడాలి.
చల్లారిన ఆయిలు ఓ పట్టాన దిగదు,
చాంబరు అడుగున మడ్డిని కావలించుకుని పడుకుంటుంది.
ఇవాళ మాత్రం సిలార్ మేస్త్రి
తాళంచెవి తీసి తన జేబులో వేసుకున్నాడు.
"నీళ్ళు తాగిన బండిరా ఇది.
కదిపావంటే బేరింగులు నమిలేస్తది."

ఆటోనగర్ నాలుగో క్రాసు చివర
రేకుల నీడ చాలక, ముక్కు ఎండలో పెట్టుకుని
నిలబడి ఉంది శక్తిమాన్.
వీరంకి వారు వేలంలో కొన్న మిలిటరీ బండి.
పసుపు గోకితే ఎరుపు, ఎరుపు గోకితే ఆకుపచ్చ,
ఆకుపచ్చ మీద సగం చెరిగిన నంబరు,
నంబరు ముందు పైకి చూసే బాణం.
మా దగ్గర దాని ఉద్యోగం
బోల్తా పడ్డ లారీలని లేపి నిలబెట్టడం.

బుడమేరు ఇళ్ళలోకి వచ్చిన ఆ నాలుగు రోజులూ
సింగ్‌నగర్ వంతెన దిగి
చక్రాలు మునిగేదాకా, తర్వాత లైట్లు మునిగేదాకా వెళ్ళింది.
పాల ప్యాకెట్లు తీసుకెళ్ళి మనుషుల్ని తెచ్చింది.
ఓ ముసలామె కుట్టుమిషను లేకుండా ఎక్కనంది.
మిషనూ ఎక్కింది.
ఐదోనాడు గేజి పుల్ల లాగితే
నల్లగా ఉండాల్సిన ఆయిలు
అల్లం టీ రంగులో ఉంది.

గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాను.
ఈనబోయే గేదె పొట్ట కింద దూరినట్టు.
ఇరవై రెండు నంబరు పానా. బోల్టు కదల్లేదు.
పానాకి పైపు తొడిగాను.
"ఎడమకిరా సన్నాసీ, ఎడమకి!"
పైనుంచి చూసేవాడి ఎడమ
కింద పడుకున్నవాడికి కుడి.
ఆయనకి చెప్పలేదు, తిప్పాను.

ముందు నీళ్ళొచ్చాయి.
బుడమేరే. అదే వాసన,
మా ఇంటి గోడల్లో ఇంకా పోని వాసన.
తర్వాత టీ, తర్వాత చిక్కటి నలుపు
మోచేతి మీదుగా చంకలోకి.
ఆయిలు కారేటప్పుడు మేస్త్రి మాట్లాడడు.
ధార సన్నబడేదాకా, చుక్కలయ్యేదాకా,
చుక్కకీ చుక్కకీ మధ్య
ఓ దమ్ము బీడీ పీల్చేంత ఎడం వచ్చేదాకా.

బోల్టు డీజిల్లో కడుగుతుంటే
వాషరు ఊడి అరచేతిలో పడింది.
దాని మీద అక్షరాలున్నాయి.
గుడ్డతో రుద్దితే సగం కిరీటం,
పందొమ్మిది వందల నలభై…
చివరి అంకె ఆకురాయి తినేసింది.
చిల్లుకాణీ!
ఎవడో, ఏ కొండ మీదో, ఏ ఇసకలోనో,
స్పేరు దొరకని రాత్రి
చిల్లుని అరగదీసి పెద్దది చేసి ఇక్కడ బిగించాడు.
"మొలతాడుకి ఉన్నది తెంపుంటాడు" అన్నాడు మేస్త్రి.

పనిలో చేరిన కొత్తలో
రేడియేటరు మూత పారేసిన రోజు
నన్ను చిల్లుకాణీకి కొరగావన్నది ఈయనే.
గుర్తుందో లేదో.

"కొత్తది తేనా, కొట్టు దాకా వెళ్ళి?"
జవాబు లేదు.
కాణీని పటకారుతో పట్టుకుని
గ్యాసు మంట మీద ఎర్రగా కాల్చి
నీళ్ళ డబ్బాలో వేశాడు. చుయ్‌మంది.
ఇనుములా కాదు ఇది,
కాల్చి ముంచితే మెత్తబడుతుంది, మళ్ళీ ఒదుగుతుంది.
"ఏసోబూ, ముందు చేత్తో బిగించు.
మరలు కలిశాయని వేళ్ళు చెప్పాక పానా."

ఫిల్టరు మార్చాం.
ఫ్లషింగ్ ఆయిలు పోసి తీశాం, మళ్ళీ పోసి తీశాం.
మూడోసారి తేనె రంగుది,
గరాటు వొణక్కుండా అరచెయ్యి ఆనించి.
సెల్ఫు కొడితే మొదట దగ్గింది.
పక్క షెడ్డులో బాడీ కట్టేవాళ్ళు
మా అమ్మల్ని తలుచుకునేంత తెల్లపొగ.
ఆ తర్వాత పాత గొంతు నిలబడింది.

రాత్రి వెళ్తూ బోల్టు కింద
అట్టముక్క ఒకటి పరిచాను.
తెల్లారి వచ్చి చూస్తే
అట్ట మీద పిల్లి అడుగులున్నాయి.
చుక్క లేదు.